కాంటూర్ రేఖలు, ఎత్తులు: స్థలాకృతి పటం చదివేవారి ప్రశ్నలు, జవాబులు

స్థలాకృతి పటం తెరవగానే రోడ్లు, నదులు, ఊళ్లు వెంటనే అర్థమవుతాయి. వాటి కింద పరుచుకున్న గోధుమ రంగు గీతలు మాత్రం చాలామందికి అడ్డంకిగానే కనిపిస్తాయి. నేల ఎత్తుపల్లాల వివరమంతా ఆ గీతల్లోనే ఉంటుంది. వాటి గురించి తరచుగా వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇవి. కొన్నింటికి ఒకటి రెండు వాక్యాలు చాలు. కొన్నింటికి కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోవడం మంచిది.

కాంటూర్ రేఖ అంటే ఏమిటి?

సముద్ర మట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నింటినీ కలుపుతూ గీసిన గీత. పాఠ్యపుస్తకాల్లో దీన్ని సమోన్నత రేఖ అని కూడా అంటారు. 300 మీటర్ల రేఖ మీద ఎక్కడ వేలు పెట్టినా అక్కడి నేల ఎత్తు 300 మీటర్లే. ఆ రేఖ వెంబడి నడిచినంతసేపు ఎక్కడమూ ఉండదు, దిగడమూ ఉండదు.

సముద్రం మధ్యలో ఒక కొండ ఉందనుకోండి. నీటి అంచు కొండ చుట్టూ ఒక గీత గీస్తుంది. నీటి మట్టం 20 మీటర్లు పెరిగితే అంచు మరికాస్త పైకి జరిగి ఇంకో గీత పడుతుంది. మరో 20 మీటర్లు పెరిగితే మరొకటి. కొండ మునిగేదాకా పడిన ఈ గీతలన్నింటినీ ఆకాశం నుంచి నిట్టనిలువుగా చూసి కాగితం మీద గీస్తే కాంటూర్ పటం వస్తుంది. నిటారుగా ఉన్న వైపు గీతలు ఎందుకు దగ్గరపడతాయో, ఏటవాలుగా ఉన్న వైపు ఎందుకు దూరమవుతాయో కూడా ఇందులోనే తెలిసిపోతుంది: నిటారు గోడ మీద నీరు 20 మీటర్లు పెరిగినా అంచు పక్కకు పెద్దగా జరగదు, చదును నేల మీద చాలా దూరం లోపలికి వచ్చేస్తుంది.

ఈ పద్ధతి ఎప్పటిది?

మొదట గీసింది కొండలకు కాదు, నీటి అడుగుకు. డచ్ సర్వేయర్ పీటర్ బ్రూయిన్స్ 1584లో స్పార్నే నది పటంలో సమాన లోతు ఉన్న చోట్లను కలుపుతూ గీత గీశాడు. 1737లో ఫ్రెంచ్ భూగోళ శాస్త్రవేత్త ఫిలిప్ బువాష్ ఇంగ్లిష్ ఛానల్ లోతులను ఇలాగే చూపించాడు. పడవ నడిపేవారికి లోతు తెలియడం ప్రాణావసరం, పైగా తాడుకు బరువు కట్టి దించితే లోతు తెలిసిపోతుంది. కొండల ఎత్తును అంత సులభంగా కొలవలేరు.

కొండకు ఈ గీతలు ఎంతగా ఉపయోగపడతాయో చూపించిన ఘనత గణిత శాస్త్రవేత్త చార్లెస్ హట్టన్‌ది. 1774లో స్కాట్లాండ్‌లోని షిహేలియన్ అనే కొండ దగ్గర, దాని ఆకర్షణ వల్ల లోలకం ఎంత పక్కకు లాగబడుతుందో శాస్త్రవేత్తలు కొలిచారు. భూమి సాంద్రతను లెక్కగట్టడం వారి ఉద్దేశం. అందుకు కొండ ఘనపరిమాణం కావాలి. హట్టన్ చేతికి వచ్చినవి కొండ నిండా చెల్లాచెదురుగా ఉన్న వందలాది ఎత్తుల అంకెలు. సమాన ఎత్తుల బిందువులను గీతలతో కలపగానే కొండ ఆకారం బయటపడింది. ఆయన లెక్కలో భూమి సగటు సాంద్రత నీటికి నాలుగున్నర రెట్లని తేలింది. నేటి విలువ సుమారు అయిదున్నర రెట్లు. ఒక కొండను, ఒక లోలకాన్ని పెట్టుకుని అంత దగ్గరికి రావడం చిన్న సంగతేమీ కాదు.

ప్రతి గీత మీదా అంకె ఉండదు కదా, ఎత్తు ఎలా తెలుసుకోవాలి?

ముందుగా పటం అంచున చిన్న అక్షరాల్లో ఉండే కాంటూర్ అంతరాన్ని చూడండి. పక్కపక్కనే ఉన్న రెండు రేఖల మధ్య ఎత్తులో తేడా ఎంతో అది చెబుతుంది. 20 మీటర్ల అంతరం అని ఉంటే ఒక గీత దాటిన ప్రతిసారీ 20 మీటర్లు ఎక్కినట్టు, లేదా దిగినట్టు. సాధారణంగా ప్రతి అయిదో గీత ముదురుగా ఉంటుంది. దీన్ని ఇండెక్స్ కాంటూర్ అంటారు, అంకె దీని మీదే వేస్తారు. అంతరం 20 మీటర్లయితే ముదురు గీతలు 100, 200, 300 అంటూ వస్తాయి. 400 రేఖ నుంచి ఎగువకు మూడు సన్న గీతలు లెక్కపెడితే 460.

ఎగువ ఎటో తెలియకపోతే రెండు ముదురు గీతల అంకెలను పోల్చి చూడాలి. చాలా పటాల్లో ఇంకో సూచన కూడా ఉంటుంది: అంకె తల ఎగువ వైపుకు ఉండేలా ముద్రిస్తారు. అందుకే కొన్ని అంకెలు తలకిందులుగా కనిపిస్తాయి. అది అచ్చుతప్పు కాదు.

అంతరాన్ని పక్క పటం నుంచి అరువు తెచ్చుకోకండి. అమెరికా 1:24,000 పటాల్లో (పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద 24,000 సెంటీమీటర్లు; ఈ నిష్పత్తే స్కేలు) చదును నేలకు 10 అడుగులు, పర్వతాలకు 40 అడుగులు, కొన్నిచోట్ల 80 అడుగుల అంతరం కనిపిస్తుంది. స్విట్జర్లాండ్ 1:25,000 పటాల్లో ఆల్ప్స్ పర్వతాల్లో 20 మీటర్లు, దిగువ మైదానంలో 10 మీటర్లు. గీతలు ఒత్తుగా ఉన్నాయి కాబట్టి ఈ కొండ ఆ కొండకన్నా నిటారు అని రెండు వేర్వేరు పటాలను పక్కపక్కన పెట్టి తేల్చేవారు, అంతరం, స్కేలు రెండూ ఒకటేనా అని చూసుకోకపోతే తప్పు తీర్పు ఇచ్చేస్తారు.

ఎత్తు మీటర్లలోనా, అడుగుల్లోనా?

పటం అంచున రాసి ఉంటుంది. ఒక అడుగు 0.3048 మీటరు. పాత పటాల్లో అడుగులు మామూలే, కాబట్టి ముద్రించిన ఏడు చూసి ఊహించుకోకుండా రాసి ఉన్నదే చదవాలి.

రేఖలు ఒకదాన్నొకటి దాటవచ్చా? మధ్యలో ఆగిపోవచ్చా?

ఒకే చోటుకు రెండు ఎత్తులు ఉండవు కాబట్టి దాటవు. కింది నేల మీదికి వేలాడే రాతి అంచు ఒక్కటే దీనికి మినహాయింపు, అదీ పటాల్లో అరుదు. నిట్టనిలువు రాతి గోడ దగ్గర రేఖలు ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయినట్టుంటాయి. అలాంటి చోట చాలా పటాలు రేఖలు ఆపి రాతి గోడకు ప్రత్యేకమైన గుర్తు వేస్తాయి.

ప్రతి రేఖా ఎక్కడో ఒకచోట తనను తాను కలుసుకుంటుంది. మీ పటంలో అంచు దగ్గర తెగినట్టున్నా పక్క పటంలో కొనసాగుతుంది. రేఖ రెండుగా చీలదు కూడా.

లోయనూ, కొండ నుంచి పొడుచుకొచ్చిన గట్టునూ ఎలా గుర్తుపట్టాలి? రెండూ ఒకేలా కనిపిస్తున్నాయి.

కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. కారణం లేకపోలేదు: రెండింటిలోనూ రేఖలు ఇంగ్లిష్ వి అక్షరంలా వంగుతాయి. తేడా అంతా వంపు మొన ఎటు చూస్తోందన్నదే.

మొన ఎక్కువ ఎత్తు వైపు చూస్తుంటే అది లోయ లేదా వాగు. మొన తక్కువ ఎత్తు వైపు చూస్తుంటే అది గట్టు. దీన్ని కంఠస్థం చేయడం కన్నా కారణం పట్టుకోవడం మేలు. మీరు కొండ పక్కన 500 మీటర్ల ఎత్తులోనే నడుస్తున్నారు. ముందు వాగు వచ్చింది. తిన్నగా వెళితే గుంటలోకి దిగిపోతారు. ఎత్తు మారకుండా వాగు దాటాలంటే వాగు అడుగు కూడా 500 మీటర్లకు చేరేదాకా ఎగువకు వెళ్లి, దాటి, అవతలి పక్కన వెనక్కి రావాలి. మీ అడుగుల జాడే ఆ వి. గట్టు దగ్గర ఇదే తిరగబడుతుంది: ఎత్తు పెరగకుండా ఉండాలంటే గట్టు చివర చుట్టూ బయటికి తిరిగి రావాలి.

నీలి గీత ఉంటే అనుమానమే లేదు, అది వాగు. ఎండిపోయే చిన్న పాయలకు నీలి గీత వేయని పటాలు చాలా ఉన్నాయి. అక్కడ మొనలే దిక్కు. పటంలో ముందు నీటి దారులన్నీ నీలి పెన్సిలుతో గీసుకోండి. వాటి మధ్య మిగిలేవే గట్లు. కొండ ఆకారం కళ్లకు కట్టడానికి ఇంతకన్నా సూటి అభ్యాసం నాకు తెలియదు. వంపు వెడల్పుగా, యు అక్షరంలా ఉంటే అది తరచుగా హిమానీనదం తొలిచిన లోయ.

శిఖరం, కనుమ, గుంట ఎలా ఉంటాయి?

ఒకదానిలో ఒకటి ఇమిడిన మూసిన వలయాలు, లోపలికి పోయేకొద్దీ అంకె పెరుగుతుంటే అది శిఖరం. రెండు శిఖరాల మధ్య రేఖలు రెండు వైపులా వెనక్కి తగ్గి నడుము సన్నబడినట్టుంటే అది కనుమ. కొండల వరుసను దాటే బాటలు సాధారణంగా అక్కడే ఉంటాయి, ఎందుకంటే ఆ వరుసలో అది అన్నిటికన్నా తక్కువ ఎత్తున్న దారి.

గుంటకు కూడా మూసిన వలయమే, కాకపోతే లోపలి వైపుకు చిన్న చిన్న గీట్లు ఉంటాయి. దాని ఎత్తు చదవడంలో ఒక మెలిక ఉంది. అగ్నిపర్వత శిఖరాన్ని చుట్టిన చివరి మామూలు వలయం 500 మీటర్లు, దాని లోపల గీట్లున్న వలయం ఒకటి ఉందనుకుందాం. ఆ లోపలి వలయం 480 కాదు, అది కూడా 500 మీటర్లే. అంచు మీద నేల 500 దాటి పైకి వెళ్లింది, తిరిగి దిగుతూ మళ్లీ 500ను దాటింది. దాని లోపల గీట్లతో ఇంకో వలయం ఉంటే, 20 మీటర్ల అంతరంలో అది 480.

పక్కపక్కనే ఉన్న రెండు రేఖలకు ఒకే అంకె ఉండవచ్చా?

ఉండవచ్చు. ఆ రెండింటి మధ్య ఒక గట్టు పైభాగమో, ఒక లోయ అడుగో ఉన్నట్టు లెక్క. ఏదన్నది బయటి వైపున్న రేఖలు చెబుతాయి: బయటికి ఎత్తు తగ్గుతుంటే గట్టు, పెరుగుతుంటే లోయ.

శిఖరం అసలు ఎత్తు రాయలేదు. ఎంతని అనుకోవాలి?

చివరి వలయం 740, అంతరం 20 అయితే శిఖరం 740 దాటింది, 760ను అందుకోలేదు. అంతకుమించి చెప్పలేం. కొలిచిన ఎత్తు ఉంటే చుక్క పక్కనో, సర్వే త్రిభుజం గుర్తు పక్కనో అంకె వేస్తారు. దాన్ని స్పాట్ హైట్ అంటారు.

రెండు గీతల మధ్య ఖాళీలో ఏముంటుంది?

ఈ ప్రశ్న అడగాల్సినంత మంది అడగరు. ఖాళీ అంటే సమంగా ఉన్న వాలు అని మనసు అనేసుకుంటుంది. పటం ఆ మాట ఇవ్వలేదు. 20 మీటర్ల అంతరం ఉన్న పటంలో 15 మీటర్ల నిట్టనిలువు రాతి గోడ రెండు రేఖల నడుమ పూర్తిగా దాక్కోగలదు. ఏ రేఖనూ తాకకుండా ఒక చిన్న గుట్ట ఉండవచ్చు, వాగు కోసిన లోతైన గండి ఉండవచ్చు. పటం రేఖల మీద మాత్రమే మాట్లాడుతుంది, మధ్యలో మౌనంగా ఉంటుంది.

రేఖలు కూడా మీటరు మీటరుకు నిక్కచ్చిగా ఉండవు. అమెరికాలో 1947 నాటి పటాల ప్రమాణం ప్రకారం, పరీక్షించిన బిందువుల్లో పది శాతానికి మించి, అంతరంలో సగం కన్నా ఎక్కువ ఎత్తు తేడా ఉండకూడదు. అంటే 40 అడుగుల అంతరమున్న పటంలో 20 అడుగుల తేడా నియమం ప్రకారమే చెల్లుతుంది, కొన్ని చోట్ల అంతకు మించినా చెల్లుతుంది. చదును నేలలో పటం గీసేవారు సగం అంతరంతో చుక్కల గీతలు అదనంగా వేస్తారు. వాటిని చూస్తే, మామూలు రేఖలకు అందని వివరం అక్కడ ఏదో ఉందని గ్రహించాలి.

వాలు ఎంతో లెక్క కట్టడం ఎలా?

ఎత్తులో తేడాను అడ్డంగా ఉన్న దూరంతో భాగించాలి. 1:50,000 పటంలో ఒక సెంటీమీటరు అంటే నేల మీద 500 మీటర్లు. 320 రేఖ నుంచి 480 రేఖ వరకు పటం మీద 2 సెంటీమీటర్లు ఉందనుకుందాం. ఎత్తు తేడా 160, దూరం 1,000 మీటర్లు. వాలు 16 శాతం, కోణంలో సుమారు 9 డిగ్రీలు. శాతాన్ని డిగ్రీలతో కలగలపవద్దు: 100 శాతం వాలు అంటే 45 డిగ్రీలు, నిట్టనిలువు కాదు.

ఎత్తు తేడా కోసం గీతలను కాదు, వాటి మధ్య ఖాళీలను లెక్కపెట్టాలి. 20 మీటర్ల అంతరంలో 320 నుంచి 480 వరకు తొమ్మిది గీతలుంటాయి, ఖాళీలు ఎనిమిదే.

మంచు పర్వతాల్లో తిరిగేవారు కొన్ని కొలతలను ముందే గుర్తుపెట్టుకుంటారు. పలకలుగా జారే హిమపాతాలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులో మొదలవుతాయి. 1:25,000 స్కేలు, 20 మీటర్ల అంతరం ఉన్న పటంలో 30 డిగ్రీలంటే రేఖల మధ్య దాదాపు 1.4 మిల్లీమీటర్లు, 45 డిగ్రీలంటే 0.8 మిల్లీమీటరు. ఆ మధ్య దూరాల్లో రేఖలు కనిపిస్తే దారి మార్చుకోవడం గురించి ఆలోచిస్తారు.

పటం మీద కొలిచిన దూరం, నడిచే దూరం ఒకటేనా?

పటం అడ్డంగా ఉన్న దూరాన్నే చూపుతుంది. అయినా తేడా అనుకున్నంత ఉండదు: 20 శాతం వాలులో నడిచే దూరం 2 శాతం మాత్రమే ఎక్కువ. 45 డిగ్రీల దగ్గర 41 శాతం ఎక్కువవుతుంది, కానీ అలాంటి చోట ఎవరూ తిన్నగా నడవరు. అసలు తేడా బాట మెలికల వల్ల వస్తుంది, పటం చిన్న మెలికలను సాపు చేసేస్తుంది.

సమయం సంగతి వేరు. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది: మూడు మైళ్లకు ఒక గంట, అదనంగా ప్రతి 2,000 అడుగుల ఎక్కుడుకు ఒక గంట. మీటర్లలో చెబితే 5 కిలోమీటర్లకు గంట, 600 మీటర్ల ఎక్కుడుకు గంట. 10 కిలోమీటర్లు, 600 మీటర్ల ఎక్కుడు ఉంటే మూడు గంటలు. ఇందులో విశ్రాంతి లేదు, బరువు లేదు, బురద లేదు. ఎక్కుడు లెక్కించేటప్పుడు మొదటి, చివరి ఎత్తుల తేడా తీసుకుంటే సరిపోదు. మధ్యలో దిగి మళ్లీ ఎక్కిన ప్రతి గీతనూ కలపాలి.

శిఖరం నుంచి అడుగున ఉన్న ఊరు కనిపిస్తుందా లేదా పటం చూసి చెప్పగలమా?

చాలావరకు చెప్పగలం. రేఖలు పైన ఒత్తుగా, కింద ఎడంగా ఉంటే వాలు లోపలికి వంగినది. పై నుంచి అడుగు దాకా చూపు ఆనుతుంది. పైన ఎడంగా, కింద ఒత్తుగా ఉంటే వాలు ఉబ్బినది. పై నుంచి చూస్తే నేల కొంత దూరంలోనే మాయమవుతుంది. దిగేవారికి ఇదే ప్రమాదం: ముందు హాయిగా మొదలై, వెనక్కి తిరగడం కష్టమైన చోట నిటారుగా మారుతుంది.

ఖచ్చితంగా తెలియాలంటే అడ్డకోత గీయాలి. రెండు బిందువుల మధ్య పటం మీద కాగితం అంచు పెట్టి, రేఖ తగిలిన ప్రతిచోటా గీటు పెట్టి ఎత్తు రాసుకోండి. గళ్ల కాగితం మీద ఆ గీట్లను అడుగున పరిచి, ఎత్తుకు తగ్గట్టు పైన చుక్కలు పెట్టి కలపండి. నిలువు స్కేలును అడ్డం స్కేలుకు అయిదు రెట్లో పది రెట్లో పెంచితేనే ఆకారం తెలుస్తుంది. పెంచినంతా అబద్ధమే కాబట్టి ఎన్ని రెట్లు పెంచారో పక్కనే రాయాలి. చూపు తగులుతుందా అన్నది మాత్రం పెంపు వల్ల మారదు, రెండు చివరలనూ తిన్నని గీతతో కలిపి చూస్తే చాలు.

ఫోను చూపే ఎత్తు, పటంలోని ఎత్తు ఎందుకు కలవవు?

రెండు కారణాలు, రెండూ పెద్దవే. మొదటిది, సున్నా ఎక్కడ అన్నది. పటంలోని ఎత్తులు సగటు సముద్ర మట్టం నుంచి లెక్కించినవి. ఆ మట్టాన్ని ఏళ్ల తరబడి ఆటుపోట్లను కొలిచి నిర్ణయిస్తారు. బ్రిటన్ వారి సున్నా, న్యూలిన్ రేవులో 1915 నుంచి 1921 వరకు తీసిన కొలతల సగటు. ఉపగ్రహ వ్యవస్థ మాత్రం భూమిని ఒక నున్నని గణిత ఆకారంగా తీసుకుని దాని ఉపరితలం నుంచి ఎత్తు కొలుస్తుంది. అసలు సముద్ర మట్టం అంత నున్నగా ఉండదు. భూమి లోపల ద్రవ్యరాశి పంపకం సమంగా లేనందువల్ల ఆ గణిత ఆకారానికి కొన్నిచోట్ల 85 మీటర్ల దాకా పైన, కొన్నిచోట్ల 106 మీటర్ల దాకా కింద ఉంటుంది. అన్నిటికన్నా లోతైన పల్లం భారత ద్వీపకల్పానికి దక్షిణంగా హిందూ మహాసముద్రంలో ఉంది. చాలా పరికరాలు ఈ తేడాను లోపలే సరిచేసి చూపుతాయి. కొన్ని ముడి అంకెనే చూపుతాయి. అలాంటి పరికరంతో సముద్రపు ఒడ్డున నిలబడితే నీటి కింద ఉన్నట్టు రావడంలో వింత లేదు.

రెండవది, ఉపగ్రహాలన్నీ మన తల పైనే ఉంటాయి, కాళ్ల కింద ఒక్కటీ కనిపించదు. అందువల్ల నిలువు కొలతలో పొరపాటు అడ్డం కొలత కన్నా ఎక్కువ. గాలి పీడనంతో ఎత్తు చెప్పే గడియారాలు దగ్గరి తేడాలను బాగా పట్టుకుంటాయి, కానీ సముద్ర మట్టం దగ్గర ఒక హెక్టోపాస్కల్ పీడనం మారితే ఎత్తు 8 మీటర్లకు పైగా మారినట్టు చూపుతాయి. వాతావరణం మారే రోజున మీరు కూర్చున్న చోటే 40 మీటర్లు ఎక్కేస్తారు. ఎత్తు రాసి ఉన్న చోటు తగిలినప్పుడల్లా పటం చూసి సరిదిద్దుకుంటే ఆ చిక్కు ఉండదు.

రేఖలు నీలం రంగులోనో, నలుపులోనో ఉన్నాయి. ఎందుకు?

హిమానీనదాల మీద రేఖలను నీలంలో వేస్తారు. స్విట్జర్లాండ్ పటాల్లో మట్టి నేలకు గోధుమ రంగు, రాళ్ల మీద నలుపు, మంచు మీద నీలం. మంచు కరిగి ఉపరితలం దిగిపోతుంది కాబట్టి నీలి రేఖల ఎత్తును సర్వే జరిగిన ఏటి ఎత్తుగానే తీసుకోవాలి.

ఫోను పటాల్లోని కాంటూర్ రేఖలను నమ్మవచ్చా?

కొండ ఆకారం తెలుసుకోవడానికి నమ్మవచ్చు, అంగుళాల లెక్కకు కాదు. వాటిలో చాలా భాగం ఉపగ్రహాల, అంతరిక్ష నౌకల కొలతల నుంచి కంప్యూటర్ గీసినవి. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ నౌక 11 రోజుల పాటు రాడార్‌తో భూమి నేల భాగంలో దాదాపు 80 శాతాన్ని కొలిచింది. ఆ సమాచారం సుమారు 30 మీటర్ల గడులుగా దొరుకుతుంది. గడిలో ఒకే ఎత్తు, కాబట్టి సన్నని గండి అందులో కరిగిపోతుంది. దట్టమైన అడవిలో రాడార్ నేల దాకా పూర్తిగా చేరదు, అందువల్ల చెట్ల తలల దగ్గరి ఎత్తు నమోదవుతుంది. అడవి అంచున లేని గట్టు ఒకటి కనిపిస్తే కారణం అదే కావచ్చు. విమానం నుంచి లేజర్ కిరణాలతో చేసే లైడార్ సర్వే ఆకుల సందుల్లోంచి నేలను పట్టుకుంటుంది. అది అందుబాటులో ఉన్నచోట రేఖలు చాలా మెరుగు.

పటం పెద్దదిగా లాగి చూస్తే రేఖల మధ్య ఎడం పెరుగుతుంది, వివరం పెరగదు. పైగా కొన్ని యాప్‌లు దగ్గరికి లాగినప్పుడు అంతరాన్ని మార్చేస్తాయి. తెర మీద రేఖలు ఒత్తుగా కనబడితే వాలు పెరిగిందా, అంతరం మారిందా అని అంకెలు చదివి చూసుకోవాలి.

పాత పటం ఎత్తులు ఇప్పటికీ పనికొస్తాయా?

కొండలకు పనికొస్తాయి. గనులు, రాతి క్వారీలు, జలాశయాలు, కొత్త రహదారి కోసం కోసిన గట్లు, ఇసుక మేటలు, నది మార్చుకున్న దారులు — ఇక్కడ పనికిరాకపోవచ్చు. పటం మీద రెండు ఏళ్లు ఉంటాయి, సర్వే చేసిన ఏడు, ముద్రించిన ఏడు. మీకు కావలసింది మొదటిది. రోడ్లను మాత్రమే సవరించి, ఎత్తులను పాత సర్వే నుంచే తీసుకుని మళ్లీ ముద్రించిన పటాలు చాలా ఉన్నాయి.